కాపు ఇచ్చేశాక మనది కాని తోట

నేను రిటైరైన రోజున ఆఫీసులో శాలువా కప్పారు. పెద్దసారు మైకు పట్టుకుని "రూతమ్మ గారు మన కంప్యూటర్ సెక్షన్‌కి వెన్నెముక" అన్నారు. ఆ వెన్నెముక ఏం చేస్తుందో ఆయనకి తెలియదు. ప్రింటర్ ఆగిపోతే పిలవాల్సిన మనిషిని నేనేనని ఆయన చివరిదాకా నమ్మారు. నేనూ కాదనలేదు. కాదంటే ప్రింటర్ ఎవరు చూస్తారో వెతికిపెట్టాలి, అదో పెద్ద పని.

విజయవాడలోని ఆ ప్రైవేటు కంపెనీ నాకు జీతమిచ్చింది, పిల్లల చదువులు గట్టెక్కించింది. అందుకు నమస్కారం. దాని గురించి రాయడానికి అంతకంటే ఏమీ లేదు. ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలకి నేను చెప్పదలచుకున్నది వేరే పని గురించి. నూజివీడు నుంచి విజయవాడ వెళ్లే బస్సులో, కిటికీ పక్క సీట్లో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని చేసిన పని అది. దానికి జీతం లేదు, శాలువా లేదు. తిట్లు మాత్రం ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చేవి.

చుక్కకూర

సోరెల్ అని ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది. మీరు విని ఉండరు, ఫరవాలేదు, ఎవరూ వినలేదు. ఎక్కడో చలిదేశంలో ఒకాయన సరదాగా తయారుచేసి నెట్‌లో పెట్టాడు. చిన్నది, శుభ్రంగా ఉంటుంది, ఎక్కువ మాట్లాడదు. అలాంటి మనుషులంటే నాకిష్టం, అలాంటి భాష దొరికితే వదులుతానా! సోరెల్ అంటే అర్థమేంటని వెతికితే మన చుక్కకూర అని తేలింది. ఆ సంగతి మా ఆయనకి చెప్పడం నా పొరపాటు. ఆయన లెక్కల మాస్టారు, అప్పటికింకా రిటైర్ కాలేదు. ఆ రోజు నుంచీ నేను లాప్‌టాప్ తీస్తే చాలు, "చుక్కకూర కడుగుతున్నావా?" అని అడుగుతారు.

ఆఫీసులో మా సెక్షన్ హెడ్ మూర్తి గారికి చెబితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎవరూ వాడని భాష నేర్చుకుంటే ఒక సుఖం ఉందమ్మా. తప్పులు పట్టేవాడుండడు" అన్నారు.

మూర్తి గారి గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఆయన దగ్గరికి ఎవరు కాగితం తీసుకెళ్లినా ముందు తేదీ చూసేవారు. అంకెల్లో ఉంటే చదవకుండా తిప్పి ఇచ్చేసేవారు. "నెల పేరు రాసి తీసుకురండి" అనేవారు. పెద్దసారు రాసిన కాగితమైనా అంతే. మేమంతా వెనకాల నవ్వుకునేవాళ్లం. కంప్యూటర్లొచ్చాక కూడా ఈ చాదస్తమేంటి, తేదీని మిషను చూసుకోదా అని నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను.

సోరెల్‌లో తేదీలు లెక్కపెట్టే సదుపాయం లేదు. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు, ఫిబ్రవరి ఎప్పుడు పొడుగవుతుంది, ఈస్టర్ ఏ ఆదివారం వస్తుంది, ఇవన్నీ ఎవరి తిప్పలు వాళ్లు పడాల్సిందే. నేను అవన్నీ చేసిపెట్టే లైబ్రరీ ఒకటి రాశాను. లైబ్రరీ అంటే ఒకరు రాసిపెడితే మిగతావాళ్లు తమ ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడుకునే సరంజామా. రాసి, లోపలి రాతంతా అందరికీ కనిపించేలా నెట్‌లో పెట్టి, వాడుకోండి, మార్చుకోండి అని వదిలేశాను. దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. పుణ్యానికి చేసే పని, పాపం చేసినట్టు సంజాయిషీలు చెప్పుకుంటూ చెయ్యాలి.

దానికి పునాస అని పేరు పెట్టాను. మిగతా చెట్లు ఊరుకున్నప్పుడు కూడా కాసే మామిడి కదా, ఏడాది పొడుగునా పనికొస్తుందని నా ఉద్దేశం. మా పాస్టర్ గారు సంతోషం పట్టలేక, సహోదరి రూతమ్మ గారు లైబ్రరీ పెట్టారని ఆదివారం ఆరాధనలో ప్రకటించేశారు. సంఘంవాళ్లు పాత పుస్తకాలు తెచ్చి మా వరండాలో పెట్టి వెళ్లారు. ఎలా కాదంటాం? ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

నా ఊహ

పునాసలో అందరూ మెచ్చుకున్న భాగం ఒకటుంది. దాని పేరు ఊహ. ఎవరైనా 3/4 అని రాశారనుకోండి. మనకది ఏప్రిల్ మూడు. అమెరికావాడికి మార్చి నాలుగు. రాసినవాడి మనసులో ఏముందో నా ప్రోగ్రాము కనిపెట్టేది. ఆ ఫైల్లో మిగతా తేదీలు ఎలా ఉన్నాయి, ఏ దేశంనుంచి వచ్చింది, అవన్నీ చూసి ఇదిగో ఇదీ అని చెప్పేసేది. ఎప్పుడూ అడిగేది కాదు, ఎప్పుడూ తడుముకునేది కాదు.

ఆగిరిపల్లి దాటాక బస్సు కుదుపుల్లో రాశాను దాన్ని. నాకు ముద్దొచ్చేంత బాగా కుదిరింది. చుక్కకూర వాడే కొద్దిమందీ ఆహా అన్నారు. సరుకుల రవాణాకి ప్రోగ్రాములు చేసే ఒక పెద్ద విదేశీ కంపెనీ కూడా దీన్నే చూసి పునాసని తెచ్చి పెట్టుకుంది. పెట్టుకున్నట్టు మాకు చెప్పలేదు. ఏదో పనిచెయ్యడం లేదని కోప్పడుతూ ఉత్తరం రాసినప్పుడు తెలిసింది.

పిల్లలూ, ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఈ పనిలో మెచ్చుకునేవాడు ఉత్తరం రాయడు. రాసేవాడు మెచ్చుకోడు.

కాపు ఇవ్వడం

వాడేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కదాన్నే చూసుకోలేకపోయాను. చలిదేశాల మిత్రులు కమిటీ పెడదాం, ఓట్లు వేద్దాం అన్నారు. మా సంఘంలో కొత్త మైకు కొనాలా వద్దా అని వేసిన కమిటీ ఇంకా నడుస్తోంది. ఈలోగా పాస్టర్లు మారిపోయారు. కమిటీ మాట ఎత్తొద్దని చెప్పి, మా ఊరి పద్ధతి పెట్టాను.

మా వైపు మామిడి తోటలున్నవాళ్లు చాలామంది కాయలు తామే కోసి అమ్ముకోరు. చెట్టు పూత మీదుండగానే ఆ ఏటి కాపు వ్యాపారికి ఇచ్చేస్తారు. అక్కణ్ణుంచి మందు కొట్టడం, కాపలా పెట్టడం, కోయడం అన్నీ ఆయనవే. గాలివానకి రాలిపోయినా ఆయన ఖర్మే. భూమి మనది, చెట్టు మనది, కాయ మాత్రం మనది కాదు.

నా చిన్నప్పుడు ముసునూరు దగ్గర మాకు చిన్న తోట ఉండేది. ఒకసారి పాస్టర్ గారు భోజనానికి వస్తున్నారని, పప్పులోకి మామిడికాయలు కోసుకురమ్మని అమ్మ నాన్నని పంపింది. నాన్న ఖాళీ సంచితో తిరిగొచ్చాడు.

"కాయలేవీ?" అంది అమ్మ.

"కాపలావాడు ఒప్పుకోలేదు. కాపు ఇచ్చేశారు కదండీ, షావుకారు గారిని అడిగి కోసుకోండి అన్నాడు."

"మన చెట్టుకి కాసిన కాయకి వాడి ఒప్పుకోలేంటండీ? సొంత తోట పెట్టుకుని కాయ కొనుక్కునే మొనగాణ్ణి మిమ్మల్నే చూశాను!"

"వాడు ఆపాడు కాబట్టి మంచివాడు. నన్ను కోసుకోనిస్తే రేపు ఎవణ్ణి ఆపుతాడు?" అని నాన్న నవ్వి, సెంటర్‌కి మనిషిని పంపించి కాయలు కొనిపించాడు. ఆ పప్పు తింటూ అమ్మ సణిగిన సణుగుడు నాకింకా వినిపిస్తుంది.

పునాసకీ అదే పద్ధతి. క్రిస్మస్ వెళ్లి మామిళ్లు పూతకొచ్చినప్పుడు ఒకరికి అప్పజెప్పేదాన్ని. మళ్లీ పూత వచ్చేదాకా వాళ్లదే నిర్ణయం. ఏ మార్పు చెయ్యాలి, ఏది వద్దు, అన్నీ వాళ్లే చెప్పాలి. నా దగ్గర అసలు తాళం, అంటే ఏదైనా మార్చగలిగే పాస్‌వర్డు, ఉంటుంది గానీ మధ్యలో నేను కాయ ముట్టుకోను. విదేశీయులకి ఇది విడ్డూరంగా ఉండేది. ఒకాయన ఏడాదంతా కామాల మీద పోట్లాడాడు. ఇంకొకాయన ఒప్పుకుని పత్తా లేకుండా పోయాడు. అయినా నేను వేలు పెట్టలేదు. పెట్టాలని చెయ్యి దురద పుట్టేది, మా ఆయన్ని అడగండి.

నాగమణి

ఒకసారి ఎవరో "డియర్ సర్" అని మొదలుపెట్టి, ఈస్టర్ లెక్కలో నేను చేసిన పొరపాటు ఒకటి పట్టుకుని రాశారు. ఈస్టర్‌లోనే! నాకు మొహం చెల్లలేదు. చాలా మర్యాదగా ఇంగ్లీషులో జవాబిచ్చాను. ఆ పక్కనుంచీ అంతే మర్యాద. ఇలా వారాల తరబడి దొరల్లాగా ఉత్తరాలు రాసుకున్నాక ఒకరోజు, "మా ఊళ్లో కరెంటు పోయింది, ఆలస్యానికి మన్నించండి" అని వచ్చింది. మాకూ అప్పుడే పోయింది. ఏ ఊరని అడిగితే నూజివీడట. బస్టాండు వెనక హాస్టలట. మా ఇంటికి నడిచొచ్చేంత దూరం.

మర్నాడే వచ్చింది. పేరు నాగమణి. చాట్రాయి పిల్ల. అమ్మ తోటల్లో కూలికి వెళుతుంది, నాన్న కాపు రోజుల్లో తోటలకి కాపలా ఉంటాడు. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగాలకి ప్రయత్నిస్తోంది. నన్ను చూసి, "సర్ లేరాండీ?" అని అడిగింది. మా ఆయన పేపరు వెనకనుంచి, "సర్‌ని నేనే గానీ, చుక్కకూర ఆవిడదమ్మా" అన్నారు.

మరుసటి పూతకి పునాస నాగమణికిచ్చాను. మెత్తగా మాట్లాడుతుంది, రాతలో మాత్రం గీత దాటనివ్వదు. ఆ విదేశీ కంపెనీవాళ్లు కూడా గమనించారు. పునాసని కనిపెట్టుకుని ఉండడానికే ఒక మనిషి కావాలనుకుంటున్నామని రాసి, ఇంటర్వ్యూలు చేసి, నువ్వే అన్నారు. కాగితం రావడమే ఆలస్యం. వాళ్లమ్మ మా ఇంటికి గోంగూర పచ్చడి పంపింది. ఆ ఇంట్లో అది మొదటి ఉద్యోగం.

బదనిక

రసం మామిళ్లు జోరుగా దిగుతున్న రోజులు. దూరదేశంలో ఒక చిన్న ఆసుపత్రిలో మందులు చూసుకునే ఆయన దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. వాళ్లకి మందుల పట్టీ 5/11 అన్న గడువుతో వచ్చింది. పంపినవాడి లెక్కలో అది మే పదకొండు. నా ఊహ దాన్ని నవంబరు అయిదు అనుకుంది. గడువు దాటిన మందు మంచిదేనని కంప్యూటర్ చెబుతోంది. అట్టమీద తేదీ తానే చదివే అలవాటున్న నర్సు ఒకావిడ చూసి ఆపింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన కోపంగా కూడా రాయలేదు. అదే నాకు గుండెల్లో గుచ్చుకుంది.

నాగమణి అదే రోజు తేల్చేసింది. ఊహ తీసేయాలి. తేదీ ఎటైనా చదివేలా ఉంటే పునాస ఊహించకుండా ఆగి, నెల పేరు చెప్పమని అడగాలి.

నాకు ఒళ్లు మండింది. "ఇంకాస్త తెలివి పెడితే సరిపోతుంది కదా నాగమణీ! కాయలు కోసుకోమన్నాను గానీ, కొమ్మ నరకమన్నానా?" అన్నాను, మా వరండాలో కూర్చున్నప్పుడు.

మా ఆయన రసం మెత్తగా పిసుకుతూ ఇద్దరి మొహాలూ చూస్తున్నారు.

"కొమ్మ కాదండీ, బదనిక" అంది.

బదనిక మీరు చూశారో లేదో. మామిడి కొమ్మ మీద మొలిచి, దాని సారమే తాగి బతికే మొక్క. చెట్టుకంటే పచ్చగా ఉంటుంది, పువ్వులు కూడా పూస్తుంది. తెలియనివాళ్లు అబ్బ ఎంత బాగుందో అనుకుంటారు. కాపు తీసుకున్నవాడు చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదు గానీ, బదనిక కనిపిస్తే కొట్టేయొచ్చు. యజమాని కూడా కాదనడు. నేను ప్రాణంగా చూసుకున్నదాన్ని ఆ పిల్ల ఒక్క మాటలో బదనికని చేసేసింది. ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా, అది నిజమని తెలిసి ఉక్రోషం వచ్చింది.

ఊహ తీసేస్తున్నట్టు నాగమణి ప్రకటించగానే కంపెనీవాళ్లు గోల పెట్టారు. వాళ్ల ఫైళ్లన్నీ ఊహ మీదే నడుస్తున్నాయట. ఆగి అడిగితే సరుకు ఆగుతుందట. నాగమణి ఒప్పుకోలేదు. అప్పుడు నాకు రాశారు. పునాస యజమాని మీరే, అసలు తాళం మీ దగ్గరే ఉంది, ఊహని తిరిగి పెట్టండి అన్నారు. చివర్లో, నాగమణి గారి నియామకం ఈ విషయం తేలాక చూస్తాం అని ఒక వాక్యం. ఎంత తేనె పూసి రాశారనుకున్నారు!

పిల్లని పిలిపించాను. ఉత్తరం చూపించాను. చదివి మొహం వాడిపోయింది.

మా ఆయనే అన్నారు. "రూతూ, నువ్వే పెట్టేయరాదూ? తప్పు నీ నెత్తిన ఉంటుంది, అమ్మాయికి ఉద్యోగం వస్తుంది. తను మాట తప్పినట్టూ కాదు. ఏడాది తిరిగాక నెమ్మదిగా తీసేద్దురు గాని."

లెక్కల మాస్టారు కదా, లెక్క సరిగ్గానే ఉంది. నాకూ అదే బుద్ధి పుట్టింది, దాచుకోవడం ఎందుకు. ఊహ నాకు దక్కుతుంది, ఉద్యోగం ఆ పిల్లకి దక్కుతుంది, త్యాగం చేసిన పేరు అదనం. లాప్‌టాప్ తెరిచి ఒళ్లో పెట్టుకున్నాను.

"పెట్టమంటావా?" అని అడిగాను.

"మీరు పెడితే నేను ఆపలేనండి. తాళం మీది" అంది. "కానీ పెట్టమని నా నోటితో అననండి. మా నాన్న తోట యజమానులు వచ్చినా ఆపుతాడు. తిట్టించుకుంటాడు, అయినా ఆపుతాడు. అలా ఆపలేకపోతే ఇంక ఆయన అక్కడెందుకండీ?"

నాన్న ఖాళీ సంచి గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఆ కథ విదేశీయులకి ముచ్చటగా చెప్పుకున్నదాన్ని, నా వంతు వచ్చేసరికి సంచి పట్టుకుని తోటలోకి బయల్దేరాను.

"ఉద్యోగం పోతుందమ్మా" అన్నాను.

"తెలుసండి" అని కళ్లు తుడుచుకుంది. "మా అమ్మకి చెప్పడమే కష్టం."

లాప్‌టాప్ మూయలేదు. కంపెనీకి జవాబు రాశాను. మా ఊళ్లో కాపు ఇచ్చేశాక తోట యజమాని కాయ కోయడు, ఏం కావాలన్నా నాగమణి గారినే అడగండి, ఆవిడ ఒప్పుకోరనుకుంటాను అని. మామిడి గురించి వాళ్లకేం అర్థమైందో తెలియదు. తిరిగి ఒక్క ముక్క రాయలేదు. నాగమణికి కాగితం రాలేదు.

వాళ్లు తమ దగ్గర దాచుకున్న, ఊహ ఉన్న పాత పునాసనే ఇప్పటికీ వాడుకుంటున్నారని విన్నాను. వాళ్ల సరుకు ఏ నెలలో ఎక్కడికి చేరుతోందో ఆ ప్రభువుకే తెలియాలి. ఆసుపత్రి ఆయన మాత్రం కొత్తది పెట్టుకున్నాడు. ఇప్పుడది ఆగి అడుగుతోందని, అడిగినప్పుడు అట్ట తిప్పి చూస్తున్నామని రాశాడు. మెచ్చుకునేవాడు ఉత్తరం రాయడని పైన రాశాను కదా, అది ఒక్కసారి తప్పింది.

తాళం

మళ్లీ పూత వచ్చినప్పుడు నాగమణి లెక్కప్రకారం పునాసని నాకు తిరిగి అప్పజెప్పబోయింది. నేను తీసుకోలేదు. కాపు కాదు, తోటే తీసుకోమని అసలు తాళం ఇచ్చేశాను. వద్దంది, నేను వినలేదు. ఆపగలిగిన మనిషికే ఇవ్వాలని అప్పటికి నాకు బాగా అర్థమైంది. ఇప్పుడు విజయవాడలో ఒక మామూలు ఆఫీసులో పనిచేస్తోంది. నేను తిరిగిన బస్సులోనే, వీలైతే కిటికీ పక్కన కూర్చుని పునాస చూసుకుంటుంది. అక్కడా ప్రింటర్ ఆగిపోతే తననే పిలుస్తున్నారట. ఇంక తను వృత్తిలో స్థిరపడినట్టే.

పిల్లలూ, ఈ పనిలో తెలివికి లోటుండదు. బస్సులో కూర్చుని నేనే బోలెడు చూపించాను. తెలియనప్పుడు తెలియదని ఆగడమే మనకి చేతకాదు, మన ప్రోగ్రాములకీ చేతకాదు. మూర్తి గారు బతికున్న రోజుల్లోనే ఈ ముక్క నాకు తట్టి ఉంటే, ఆయన దగ్గర కూర్చుని ఒక కాఫీ తాగేదాన్ని.

ఈమధ్య ఖాళీగా ఉండలేక పునాసలోని ఈస్టర్ లెక్కని ఇంకొంచెం చక్కబెట్టాను. ఎలా పనిచేస్తుందో చూపించడానికి కింద ఉదాహరణలు కూడా రాసి, అందరిలాగే నేనూ పంపించాను. ఎంతైనా నా చేత్తో నాటిన చెట్టు, కళ్లకద్దుకుని తీసుకుంటుందిలే అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చింది. నా ఉదాహరణల్లో తేదీలన్నీ అంకెల్లో ఉన్నాయట. "నెల పేరు రాసి పంపండి మేడమ్" అని ఒకే ఒక్క వాక్యం. మూర్తి గారిని ఆ పిల్ల చూడనైనా చూడలేదు.

నేను గట్టిగా నవ్వేసరికి మా ఆయన పేపరు దించారు.

"ఏమైంది?"

"పంపింది తిప్పికొట్టారు."

"నిన్నా? ఎవరు?"

"ఓనరు గారు" అని చెప్పి, ఏప్రిల్ అని రాయడం మొదలుపెట్టాను.